రెసిస్టెంట్ ఈ.కోలై బ్లాడర్‌లోనే ఆగింది, సెన్సిటివ్‌ది కిడ్నీకి ఎక్కింది: ఒకే పేషెంటులో రెండు ఇన్ఫెక్షన్లు

యూరిన్ కల్చర్ రిపోర్టు చేతికి రాగానే అందరి కళ్ళూ ముందు వెళ్ళేది 'ఎస్' (సెన్సిటివ్, మందుకు లొంగేది), 'ఆర్' (రెసిస్టెంట్, లొంగనిది) అక్షరాల మీదికే. ఆర్‌లు ఎక్కువుంటే పెద్ద జబ్బు, ఎస్‌లు ఎక్కువుంటే చిన్నదే అనుకోవడం పేషెంట్లకే కాదు, మందు రాసేవాళ్ళకూ అలవాటైపోయింది. ఆ అక్షరాలు చెప్పేది ఒక్కటే: ఏ మందుకు ఆ బాక్టీరియా చస్తుంది అని. అది మూత్రాశయంలోనే ఉండిపోతుందా, మూత్రనాళం పట్టుకుని కిడ్నీకి ఎక్కి రక్తంలో పడుతుందా అన్నది వేరే జన్యువుల పని. ఆ జన్యువుల గురించి మామూలు రిపోర్టులో ఒక్క ముక్క ఉండదు. ఈ రెండూ ఎలా విడివిడిగా నడుస్తాయో చూపించే కేసు ఇది. గోదావరి డెల్టాలో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే తరహా కేసుల నుంచి దీన్ని కూర్చి రాస్తున్నాం. ఏ ఒక్క పేషెంటునూ గుర్తుపట్టే వివరాలు ఇందులో లేవు.

పేషెంటు

54 ఏళ్ళ మహిళ, బరువు 62 కిలోలు, రాజోలు వైపు లంక గ్రామం. రొయ్యల ప్రాసెసింగ్ షెడ్డులో తలలు తీసే పని. షుగర్ వచ్చి 11 ఏళ్ళు. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు, ఆర్నెల్ల కింద డాపాగ్లిఫ్లోజిన్ కలిపారు. బీపీకి టెల్మిసార్టన్. నెలసరి ఆగి ఆరేళ్ళు. షెడ్డులో నిలబడే పని, బూట్లూ ఏప్రానూ తీసి మళ్ళీ తొడుక్కోవడం ఓ తతంగం. అందుకని అక్కడి ఆడవాళ్ళు నీళ్ళు తాగడమే తగ్గించేస్తారు, షిఫ్టు అయ్యేదాకా ఒంటికి వెళ్ళకుండా ఆపుకుంటారు.

మే నెలలో మూత్రంలో మంట, చుక్కచుక్కగా రావడం, రాత్రి నాలుగైదుసార్లు లేవడం మొదలయ్యాయి. "వేడి చేసిందండి" అనుకుని మొదట కొబ్బరిబొండాలు, సబ్జా నీళ్ళు. బొండాం నీళ్ళతో మూత్రం పల్చబడి మంట కాస్త తగ్గినట్టుంటుంది, అందులో అబద్ధం లేదు. అయితే వాటిలో పొటాషియం ఎక్కువ. టెల్మిసార్టన్ కూడా రక్తంలో పొటాషియాన్ని పెంచేదే. షుగర్‌తో కిడ్నీ కొంచెం దెబ్బతిన్నవాళ్ళు రోజుకు నాలుగేసి బొండాలు తాగడం మంచిది కాదని కోనసీమలో చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి.

తర్వాత ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సెఫ్ట్రియాక్సోన్ 1 గ్రాము ఇంజెక్షన్ రెండు రోజులు, సెఫిక్సిమ్ 200 మి.గ్రా. రెండు పూటలా మూడు రోజులు. అంతకుముందు సంక్రాంతి తర్వాత ఇదే బాధకు సిప్రోఫ్లాక్సాసిన్ ఐదు రోజులు వాడారు. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ రెండూ 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1లోని మందులు. చీటీ లేకుండా ఇవ్వకూడదు, అమ్మిన ప్రతిదీ రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. వాటిని చాక్లెట్లలా అమ్మే షాపు ప్రతి మండలంలోనూ ఉంది.

వచ్చిన రోజు జ్వరం లేదు, నడుము పక్కన తట్టినా నొప్పి లేదు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 9.4, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.9. మూత్రంలో ముంచి చూసే డిప్‌స్టిక్‌లో ల్యూకోసైట్ ఎస్టరేజ్ (చీముకణాల గుర్తు) రెండు ప్లస్‌లు, నైట్రైట్ పాజిటివ్. నైట్రైట్ పాజిటివ్ అంటే దాదాపు ఖాయంగా పేగుల్లో ఉండే ఈ.కోలై, క్లెబ్సియెల్లా బాక్టీరియా వంశమే. నెగెటివ్ వస్తే మాత్రం దాన్ని నమ్మి ఇన్ఫెక్షన్ లేదని తీర్మానించకూడదు. నైట్రేట్ నైట్రైట్‌గా మారాలంటే మూత్రం బ్లాడర్‌లో కనీసం నాలుగు గంటలు నిలవాలి. పావుగంటకోసారి వెళ్ళేవాళ్ళలో అది జరగదు. ఎంటెరోకాకస్ అనే బాక్టీరియా అయితే ఎంతసేపు నిలిచినా నైట్రైట్ రాదు. విటమిన్ సి మాత్రలు మింగేవాళ్ళలోనూ తప్పుడు నెగెటివ్ వస్తుంది.

శాంపిల్ దగ్గర జరిగే పొరపాటు

మొదటి శాంపిల్ సఖినేటిపల్లి వైపు తీసి, పంటు మీద నరసాపురం దాటించి, అక్కణ్ణించి భీమవరం ల్యాబుకు బస్సులో పంపారు. తీసిన నాలుగు గంటలకు చేరింది. మే నెల ఎండ, మామూలు ప్లాస్టిక్ సీసా, ఐసు లేదు. ప్లేటు మీద మూడు రకాల కాలనీలు, ఏదీ మిగతావాటికంటే ఎక్కువ కాదు. ల్యాబు దాన్ని రిపోర్టు చెయ్యకుండా మళ్ళీ శాంపిల్ అడిగింది. ఇలా అడిగే ల్యాబు మంచి ల్యాబు. మూడింటిలో ఒకదాన్ని ఏరి దానికి సెన్సిటివిటీ పెట్టి పంపితే పేషెంటు సంతోషిస్తారు గానీ ఆ కాగితానికి విలువ లేదు.

లెక్క చూడండి. చర్మం మీది బాక్టీరియా మి.లీ.కు 1,000 చొప్పున మూత్రంలో కలిశాయనుకుందాం. వెచ్చదనంలో అరగంటకోసారి రెట్టింపయితే నాలుగు గంటల్లో ఎనిమిది రెట్టింపులు, అంటే 256 రెట్లు. వెయ్యి కాస్తా రెండున్నర లక్షలవుతుంది. మి.లీ.కు లక్ష దాటితే ఇన్ఫెక్షన్ అని 1950లలో ఎడ్వర్డ్ కాస్ అనే డాక్టరు పెట్టిన హద్దు దాటేసినట్టే. మొదట్లో బాక్టీరియా కాస్త నెమ్మదిగా కదిలినా ఫలితం పెద్దగా మారదు.

అందుకని నిబంధన: గది వేడిలో రెండు గంటలు దాటకూడదు. దాటేట్టుంటే 4 నుంచి 8 డిగ్రీల దగ్గర పెట్టాలి, అప్పుడు 24 గంటలదాకా ఫర్వాలేదు. ఐసుపెట్టె దొరకని లంక ఊళ్ళకు బోరిక్ యాసిడ్ పొడి వేసి ఉన్న సీసాలు మేలు. అయితే గీత దాకా మూత్రం నింపాలి. 20 మి.లీ.కు వేసిన పొడిలో 5 మి.లీ. పోస్తే బోరిక్ యాసిడ్ గాఢత పెరిగి అసలు బాక్టీరియానే అణిగిపోతుంది. రెండో శాంపిల్‌ను బోరిక్ సీసాలో తీశారు. నీళ్ళతో కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్య ధార పట్టాలి. డెట్టాల్‌తో కడగమని చెప్పేవాళ్ళున్నారు. అది సీసాలో పడితే కల్చర్ చచ్చిపోతుంది, వద్దు.

డాపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ళలో ఒక్కటి గమనించాలి. మూత్రంలో చక్కెర పోవడంవల్ల యోని దగ్గర ఈస్టు పెరిగి దురద, మంట రావచ్చు. మూత్రంలో చీముకణాలు కనబడటానికి అదే కారణం కావచ్చు. మైక్రోస్కోపు కింద ఈస్టు కణాలు ఉంటే చీటీ మీద రాయాలి.

మే ఐసోలేట్

మూత్రం కల్చర్‌కు వాడే సీఎల్‌ఈడీ ప్లేటు మీద 1 మైక్రోలీటరు లూపుతో గీస్తే వందకు పైగా పసుపు కాలనీలు. ఒక్కో కాలనీ మి.లీ.కు 1,000 లెక్కన లక్ష దాటింది. ఇండోల్ పాజిటివ్, సిట్రేట్ నెగెటివ్, యూరియేజ్ నెగెటివ్: ఈ.కోలై. పక్కనే గీసిన బ్లడ్ అగార్ మీద బూడిద రంగు కాలనీలు, చుట్టూ రక్తం కరగలేదు. ఈ చివరి వాక్యాన్ని ల్యాబు నోటుబుక్‌లో రాసుకుంది. చాలాచోట్ల రాయరు.

డిస్క్ డిఫ్యూజన్ జోన్లు, అంటే మందు డిస్కు చుట్టూ బాక్టీరియా పెరగని వలయాల వ్యాసాలు, మి.మీ.లో. ఆగస్టులో దొరికిన రెండో ఐసోలేట్ (శాంపిల్‌లోంచి వేరుచేసిన బాక్టీరియా) అంకెలు కూడా పోల్చుకోవడానికి వీలుగా పక్కనే ఇస్తున్నాం:

ఆంపిసిలిన్ 10 మైక్రోగ్రాములు: మేలో 6, ఆగస్టులో 6
సెఫోటాక్సిమ్ 30: మేలో 12, ఆగస్టులో 30
సెఫ్టాజిడిమ్ 30: మేలో 18, ఆగస్టులో 27
సెఫోటాక్సిమ్ + క్లావులనేట్ 30/10: మేలో 26, ఆగస్టులో 31
పిపెరాసిలిన్ టాజోబాక్టం 100/10: మేలో 22, ఆగస్టులో 27
సిప్రోఫ్లాక్సాసిన్ 5: మేలో 6, ఆగస్టులో 29
కో-ట్రైమాక్సజోల్ 1.25/23.75: మేలో 6, ఆగస్టులో 25
జెంటామైసిన్ 10: మేలో 12, ఆగస్టులో 21
అమికాసిన్ 30: మేలో 21, ఆగస్టులో 22
నైట్రోఫ్యురాంటాయిన్ 300: మేలో 21, ఆగస్టులో 20
ఫాస్ఫోమైసిన్ 200: మేలో 25, ఆగస్టులో 24
మెరోపెనెమ్ 10: మేలో 28, ఆగస్టులో 29

6 అంటే డిస్కు వ్యాసమే, జోన్ అసలు లేదని అర్థం. సెఫోటాక్సిమ్ 27 లేదా తక్కువ, సెఫ్టాజిడిమ్ 22 లేదా తక్కువ వస్తే ఈఎస్‌బీఎల్ (సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందులను తెంపేసే ఎంజైము) అనుమానించాలి. ఆ ఎంజైమును అడ్డుకునే క్లావులనేట్ కలిపిన డిస్కు దగ్గర జోన్ 5 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ పెరిగితే నిర్ధారణ. ఇక్కడ 12 నుంచి 26కు పెరిగింది, ఇక సందేహం లేదు. సెఫ్టాజిడిమ్‌కంటే సెఫోటాక్సిమ్‌ను గట్టిగా తెంపుతున్న తీరు సీటీఎక్స్-ఎం ఎంజైముల పోలిక. వీటిలో ప్రపంచమంతా పాకిన సీటీఎక్స్-ఎం-15ను మొదట వర్ణించింది 1999లో న్యూఢిల్లీలో సేకరించిన ఐసోలేట్లలోనే.

ఈ అంకెలు నమ్మదగినవి కావాలంటే తీర ప్రాంతంలో చూసుకోవలసినవి రెండున్నాయి. ఒకటి, డిస్కులు పెట్టే ముల్లర్ హింటన్ అగార్ మందం 4 మి.మీ. ఉండాలి. 90 మి.మీ. ప్లేటుకు అది 25 మి.లీ. అవుతుంది. పొదుపుకోసం 15 మి.లీ. పోస్తే మందం 2.4 మి.మీ.కు పడిపోతుంది, మందు లోతుకు పోయే చోటు లేక పక్కలకు పాకి జోన్ పెద్దదవుతుంది, రెసిస్టెంట్ కాస్తా సెన్సిటివ్‌గా అచ్చవుతుంది. రెండోది తేమ. క్లావులనేట్ తేమకు తొందరగా పాడవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాను వెంటనే తెరిస్తే మన గాలికి లోపల చెమ్మ పడుతుంది. గంటసేపు మూత బిగించి బయట ఉంచి, గది వేడికి వచ్చాకే తెరవాలి, లోపల సిలికా జెల్ నీలంగానే ఉందో లేదో చూసుకోవాలి. చెడిపోయిన క్లావులనేట్ డిస్కు ఉంటే 14 మి.మీ. తేడా 2కు పడిపోయి ఈఎస్‌బీఎల్ నెగెటివ్ అని వెళ్ళిపోతుంది. వారానికోసారి, జోన్లు ముందే తెలిసిన ప్రమాణ స్ట్రెయిన్లు ఏటీసీసీ 25922 ఈ.కోలైతో పాటు ఏటీసీసీ 700603 క్లెబ్సియెల్లాను కూడా పెట్టడం ఇందుకే. మొదటిదానికి సెఫోటాక్సిమ్ 29 నుంచి 35 మధ్య రావాలి. రెండోదానికి క్లావులనేట్‌తో సెఫ్టాజిడిమ్ జోన్ కనీసం 5, సెఫోటాక్సిమ్ జోన్ కనీసం 3 పెరగాలి.

పిపెరాసిలిన్ టాజోబాక్టం 22 వచ్చింది. మధ్యస్థం, మోతాదు పెంచి వాడొచ్చన్న వర్గం. బ్లాడర్ ఇన్ఫెక్షన్‌కు దాని అవసరమే లేదు. రక్తంలో ఉంటే మాత్రం దాని జోలికి పోవద్దు. 2018లో వచ్చిన మెరినో ట్రయల్‌లో సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని ఈ.కోలై, క్లెబ్సియెల్లా రక్తంలో ఉన్నవాళ్ళు 30 రోజుల్లో మెరోపెనెమ్‌తో 3.7 శాతం, పిపెరాసిలిన్ టాజోబాక్టంతో 12.3 శాతం చనిపోయారు.

ఇచ్చిన మందు: నైట్రోఫ్యురాంటాయిన్ 100 మి.గ్రా. సస్టెయిన్డ్ రిలీజ్, రెండు పూటలా భోజనంతో, ఐదు రోజులు. మందుల చీటీ చూసి "ఇది నిషేధం కదండీ?" అని ఆవిడ అడిగారు. ఆ ప్రశ్న రొయ్యల షెడ్డుల్లో పనిచేసేవాళ్ళకే వస్తుంది. చెరువుల్లో నైట్రోఫ్యురాన్లు, క్లోరాంఫెనికాల్ నిషిద్ధం, ఎగుమతి సరుకులో అవశేషం దొరికితే కన్‌సైన్‌మెంటే వెనక్కి వస్తుంది. అది తిండిలో తెలియకుండా రోజూ చేరే అవశేషం గురించిన నిషేధం, కొలిచి ఐదు రోజులు ఇచ్చే మాత్రకు సంబంధం లేదు. ఇలా విడమరిచి చెప్పకపోతే మాత్ర మింగరు. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తుందని కూడా ముందే చెప్పాలి, లేకపోతే రక్తం పోతోందని ఆపేస్తారు. క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీ వడకట్టే వేగం, నిమిషానికి మి.లీ.లో) 30 లోపు ఉంటే ఈ మందు వద్దు. జీ6పీడీ లోపం ఉంటే వద్దు. షుగర్ నరాల జబ్బు ఉన్నవాళ్ళకు నెలల తరబడి ఇవ్వొద్దు.

ఇన్నేళ్ళ వాడకం తర్వాత కూడా ఈ పాత మందు ఈ.కోలై మీద ఎందుకు నిలిచింది? దీనికి రెసిస్టెన్స్ రావాలంటే ఎన్ఎఫ్ఎస్-ఏ, ఎన్ఎఫ్ఎస్-బీ అనే రెండు జన్యువులూ ఒకదాని తర్వాత ఒకటి చెడాలి. పైగా అలా చెడిన బాక్టీరియా ఎదుగుదల మందగిస్తుంది. ప్రోటియస్, సూడోమోనాస్ దీనికి పుట్టుకతోనే లొంగవు, కాబట్టి కల్చర్ చూడకుండా అందరికీ రాసెయ్యడం కుదరదు.

మూడో రోజుకు మంట పోయింది. బాధ తగ్గాక మళ్ళీ కల్చర్ చేయించలేదు, చేయించకూడదు కూడా. బాధ లేకుండా మూత్రంలో బాక్టీరియా ఉన్నంతమాత్రాన మందు ఇవ్వాల్సింది గర్భిణులకూ, మూత్రనాళంలో రక్తం వచ్చేలాంటి ఆపరేషన్‌కు వెళ్ళేవాళ్ళకూ మాత్రమే. షుగర్ ఉన్నంతమాత్రాన ఆ జాబితాలోకి రారు.

ఆగస్టు

గోదావరి వరద మీద ఉన్న రోజుల్లో రెండో ఎపిసోడ్. చలి, వణుకు, 103 డిగ్రీల జ్వరం, కుడి నడుము నొప్పి, వాంతులు. మూత్రంలో మంట పెద్దగా లేదు. పల్సు 118, బీపీ 104/64. తెల్లకణాలు 18,400, క్రియాటినిన్ 1.6. స్కాన్‌లో కుడి కిడ్నీ వాచింది, గాలి లేదు, అడ్డంకి లేదు. షుగర్ పేషెంట్లలో కిడ్నీలోనే గాలి చేరే రకం పైలోనెఫ్రైటిస్ (కిడ్నీ ఇన్ఫెక్షన్) ఉంటుంది, దాని కోసం ప్రత్యేకంగా చూడాలి. అనుమానం ఉంటే సీటీ తప్పదు. ఒంటికి వెళ్ళొచ్చాక కూడా బ్లాడర్‌లో 140 మి.లీ. మిగిలింది. ఈ కొలత మే నెలలో లేదు. చీటీ మీద అబ్డామెన్ స్కాన్ అని మాత్రమే రాస్తే మిగులు మూత్రం చాలా సెంటర్లలో కొలవరు, విడిగా రాయాల్సిందే.

రెండు చేతుల నుంచి రెండు సెట్ల బ్లడ్ కల్చర్, యూరిన్ కల్చర్ తీసి ఆ తర్వాత మెరోపెనెమ్ 1 గ్రాము మొదలుపెట్టారు. మూడు నెలల కింద ఈఎస్‌బీఎల్ దొరికిన మనిషి, వణుకు జ్వరం, బీపీ దిగుతోంది. ఆ గంటలో మరో మందుతో పందెం వెయ్యడానికి లేదు. నైట్రోఫ్యురాంటాయిన్ గతసారి పనిచేసింది కదా అని ఇంట్లోవాళ్ళు అడుగుతారు. అది మూత్రంలోనే చేరుతుంది, కిడ్నీ కండలోకీ రక్తంలోకీ చాలినంత ఎక్కదు. ఫాస్ఫోమైసిన్ సాచెట్ విషయమూ అంతే.

క్రియాటినిన్ 1.6 ప్రకారం కాక్‌క్రాఫ్ట్ లెక్కలో క్లియరెన్స్ 39. లేబుల్ చూస్తే మెరోపెనెమ్ 12 గంటలకోసారికి తగ్గించాలి. అయినా తొలి 24 గంటలు 8 గంటలకోసారే ఇచ్చారు. సెప్సిస్‌తో, వాంతులతో పెరిగిన క్రియాటినిన్ సెలైన్ ఎక్కాక వేగంగా దిగుతుంది, మందు తక్కువపడితే నష్టం పెద్దది. మర్నాటికి 1.2కు దిగింది. మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టన్, డాపాగ్లిఫ్లోజిన్ ఆపి ఇన్సులిన్ మీద పెట్టారు.

బ్లడ్ కల్చర్ మెషిన్ 11 గంటల్లో మోగింది, అంటే బాక్టీరియా పెరిగింది. రక్తంలోనూ మూత్రంలోనూ ఒకే ఈ.కోలై. జోన్లు పైన చూశారుగా: ఆంపిసిలిన్ తప్ప అన్నీ సెన్సిటివ్. బ్లడ్ అగార్ మీద మాత్రం ప్రతి కాలనీ చుట్టూ గాజులా తేటపడిన వలయం.

పాత ఇన్ఫెక్షనే తిరగబెట్టిందా, కొత్తదా అన్న ప్రశ్నకు జవాబు ఆ జోన్లలోనే ఉంది. ఈఎస్‌బీఎల్ పోవడం ఒక్కటే చూస్తే తేలదు. ఆ జన్యువు సాధారణంగా ప్లాస్మిడ్ (క్రోమోజోముకు విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయం) మీద ఉంటుంది, ప్లాస్మిడ్‌ను బాక్టీరియా జారవిడుచుకోవచ్చు. సిప్రోఫ్లాక్సాసిన్ సంగతి అలా కాదు. జోన్ పూర్తిగా పోయేంత రెసిస్టెన్స్ క్రోమోజోము మీద జైర్-ఏ జన్యువులో 83, 87 స్థానాల్లో, పార్-సీ జన్యువులో 80 దగ్గర వచ్చిన మార్పుల వల్ల వస్తుంది. ఆ మార్పులు మూడు నెలల్లో ఒకేసారి వెనక్కి తిరిగి 6 కాస్తా 29 కావడం జరిగే పని కాదు. ఇది వేరే స్ట్రెయిన్. పీసీఆర్ లేకుండానే ఇంత చెప్పొచ్చు. అయితే ప్లేటు మీద ఒక్క కాలనీ కాకుండా మూడు నాలుగు కలిపి పరీక్ష పెట్టి ఉండాలి, లేకపోతే రెండు స్ట్రెయిన్లు కలిసి ఉన్నా ఒకటే కనబడుతుంది.

కిడ్నీకి ఎక్కే సరంజామా

మూత్రనాళ ఈ.కోలైకి అంటుకునే పనిముట్లు రెండు ముఖ్యం. టైప్ 1 ఫింబ్రియా (బాక్టీరియా ఒంటి మీది సన్నని నూగు) కొనలో ఫిమ్-హెచ్ ఉంటుంది, అది బ్లాడర్ గోడలోని యూరోప్లాకిన్ ప్రోటీను మీది మాన్నోజ్ అనే చక్కెరను పట్టుకుంటుంది. ఇది దాదాపు అన్ని ఈ.కోలైల దగ్గరా ఉంటుంది, సిస్టైటిస్‌కు (బ్లాడర్ ఇన్ఫెక్షన్‌కు) చాలు. పీ ఫింబ్రియా వేరు. దాని కొనలోని పాప్-జీ కిడ్నీ కణాల మీద రెండు గాలక్టోజులు జతగా ఉన్న చక్కెరను పట్టుకుంటుంది. ఎర్రకణాల మీది పీ బ్లడ్ గ్రూపు యాంటీజెన్ కూడా అదే, పేరు అక్కణ్ణించే వచ్చింది. పాప్-జీలో రెండో రకం ఉన్న స్ట్రెయిన్లు పైలోనెఫ్రైటిస్‌లో, రక్తంలో ఎక్కువగా దొరుకుతాయి. వీటికి తోడు కణాల పొరకు రంధ్రం పొడిచే ఆల్ఫా హీమోలైసిన్, దాని పక్కనే తరచు ఉండే సీఎన్ఎఫ్1 టాక్సిన్, ఇనుము లాక్కునే ఏరోబాక్టిన్, సాల్మోకెలిన్, యెర్సినియాబాక్టిన్. మూత్రంలో, రక్తంలో ఇనుము స్వేచ్ఛగా దొరకదు, అది లాక్కోలేనిది అక్కడ పెరగలేదు.

వీటిలో రెండింటిని జిల్లా స్థాయి ల్యాబులోనే చూడొచ్చు. హీమోలైసిన్‌కు ఖర్చే లేదు. 5 శాతం గొర్రె రక్తం అగార్, 37 డిగ్రీలు, ఒక రాత్రి. కాలనీని లూపుతో పక్కకు తోసి దాని కిందా చుట్టూ రక్తం కరిగిందేమో వెలుతురుకు పట్టి చూడాలి. రక్తం ఎక్కువ పోసిన ప్లేటులో వలయం మరుగుపడుతుంది.

పీ ఫింబ్రియాకు హీమగ్లుటినేషన్, అంటే బాక్టీరియా ఎర్రకణాలను గడ్డకట్టిస్తుందేమో చూసే పరీక్ష. ఓ గ్రూపు ఎర్రకణాలను పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో మూడుసార్లు కడిగి 3 శాతం సస్పెన్షన్ చెయ్యాలి. రాత్రంతా అగార్ మీద 37 డిగ్రీల దగ్గర పెరిగిన బాక్టీరియాను పీబీఎస్‌లో చిక్కగా, పాలలా కలపాలి. గుంటల పలక మీద ఒక గుంటలో ఎర్రకణాలు, బాక్టీరియా, పీబీఎస్ ఒక్కో చుక్క. పక్క గుంటలో పీబీఎస్ బదులు 2 శాతం మాన్నోజ్. మూడో గుంటలో బాక్టీరియా లేకుండా. ఐదు నిమిషాలు అటూ ఇటూ ఊపాలి. మొదటిదానిలో గడ్డకట్టి మాన్నోజ్ గుంటలో కట్టకపోతే టైప్ 1. రెండింటిలోనూ కడితే మాన్నోజ్‌కు లొంగనిది, పీ ఫింబ్రియా కావచ్చు. 'కావచ్చు' అనే రాయాలి, ఎందుకంటే ఎస్ ఫింబ్రియా, డీఆర్ అఢెసిన్లు కూడా ఇలాగే చేస్తాయి. తేల్చాలంటే పాప్ జన్యువుకు పీసీఆర్ కావాలి. టైప్ 1 చూడాలంటే కదపకుండా 48 గంటలు పెంచిన బ్రాత్, గినీపిగ్ ఎర్రకణాలు మేలు. టైప్ 1 స్విచ్ లాంటిది, అగార్ మీద పెరిగినప్పుడు చాలాసార్లు ఆఫ్‌లో ఉంటుంది, అప్పుడు నెగెటివ్ వచ్చినా లేదని కాదు.

మే ఐసోలేట్: హీమోలైసిస్ లేదు, మాన్నోజ్ కలపగానే గడ్డలు విడిపోయాయి. ఆగస్టు ఐసోలేట్: హీమోలైసిస్ ఉంది, మాన్నోజ్ ఉన్నా గడ్డలు నిలిచాయి.

ఈ ఎదురుబొదురు యాదృచ్ఛికం కాదు. హీమోలైసిన్, పీ ఫింబ్రియా జన్యువులు క్రోమోజోములో గుత్తులుగా, పాథోజెనిసిటీ ఐలాండ్లనే ముక్కల్లో ఉంటాయి. ఆ ముక్కలు మొత్తంగా ఊడిపోగలవు. 2006లో బార్సిలోనా పరిశోధకులు చావనంత తక్కువ మోతాదు సిప్రోఫ్లాక్సాసిన్‌లో మూత్రనాళ ఈ.కోలైని పెంచితే ఆ ముక్కలు ఊడిపోవడం కనిపించింది. క్వినలోన్లకు (సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబానికి) రెసిస్టెంట్ అయిన ఈ.కోలైలో హీమోలైసిన్ తక్కువగా ఉండటం చాలాచోట్ల చూసిన సంగతే. కానీ దీన్ని సూత్రం చేసుకుంటే మునిగిపోతాం. 2008లో పేరు పెట్టిన ఎస్టీ131 అనే ఈ.కోలై క్లోన్ సీటీఎక్స్-ఎం-15నూ, సిప్రోఫ్లాక్సాసిన్ రెసిస్టెన్స్‌నూ మోస్తూనే రక్తంలోకి దూసుకుపోతుంది. ఇనుము లాక్కునే సామాను, కాప్సూల్ దాని దగ్గర ఉంటాయి. ఈఎస్‌బీఎల్ ఉంది కాబట్టి బలహీనమైనది అని జ్వరాన్ని తేలిగ్గా తీసుకోవడం, అన్నీ ఎస్‌లే కాబట్టి చిన్నదే అని ఇంటికి పంపడం, రెండూ ఒకే తప్పుకు రెండు ముఖాలు.

మరి అంత సరంజామా లేని మే స్ట్రెయిన్ బ్లాడర్‌లో ఎలా నిలిచింది? ఆ జవాబు బాక్టీరియాలో కంటే పేషెంటులో ఉంది. ఆగస్టులో బయటపడ్డ 140 మి.లీ. మిగులు (మేలోనూ ఉండే ఉంటుంది), మూత్రంలో చక్కెర, ఈస్ట్రోజెన్ తగ్గి లాక్టోబాసిల్లై పోయిన యోని. తలుపులు ఇన్ని తెరిచి ఉన్నప్పుడు తాళాలు పగలగొట్టే పనిముట్లు అక్కర్లేదు. సెఫిక్సిమ్, సిప్రోఫ్లాక్సాసిన్ వాడి పేగులోని సెన్సిటివ్ బాక్టీరియాను చంపి రెసిస్టెంట్‌వాటికి చోటు ఇచ్చింది మనుషులే.

ఇలాంటి వైరులెన్స్ (జబ్బు చేసే శక్తి) పరీక్షలు మందు ఎంపికను మార్చవు. అందుకని ప్రతి శాంపిల్‌కూ హీమగ్లుటినేషన్ పెట్టమని మేం అనం. హీమోలైసిస్‌ను మాత్రం రిపోర్టులో ఒక మాటగా రాయాలి, కళ్ళ ముందే ఉన్నదాన్ని వదిలెయ్యడానికి కారణం లేదు. మళ్ళీ మళ్ళీ వచ్చే పేషెంట్లలో పాతదా కొత్తదా తేల్చడానికి అది యాంటీబయోగ్రామ్‌కు (మందుల జోన్ల పట్టికకు) తోడు నిలుస్తుంది.

మందు దించడం

మూడో రోజు రిపోర్టు రాగానే మెరోపెనెమ్ ఆపి సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రాములు రోజుకోసారి. జ్వరం తగ్గుతోంది కదా, పెద్ద మందే కొనసాగిద్దాం అన్న మాట ఇక్కడ చాలా వినిపిస్తుంది. కొనసాగిస్తే ఆ పేషెంటు పేగులో మెరోపెనెమ్ లాంటి కార్బపెనెమ్ మందులకు లొంగనివి మిగులుతాయి, తర్వాతిసారి చేతిలో ఏమీ ఉండదు. సెఫ్ట్రియాక్సోన్‌ను రింగర్ లాక్టేట్‌తో ఒకే లైనులో ఎక్కించకూడదు, కాల్షియంతో గడ్డకడుతుంది.

ఐదో రోజు జ్వరం లేదు, క్రియాటినిన్ 1.0. నోటి మాత్రకు మార్చే ముందు ఉన్న మందులు చూసుకోవాలి. కో-ట్రైమాక్సజోల్ సెన్సిటివే, కానీ టెల్మిసార్టన్‌తో కలిస్తే పొటాషియం పెరుగుతుంది, గ్లిమిపిరైడ్‌తో కలిస్తే షుగర్ పడిపోతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ కూడా గ్లిమిపిరైడ్‌తో షుగర్‌ను పడగొట్టగలదు. సిప్రోఫ్లాక్సాసిన్ 500 మి.గ్రా. రెండు పూటలా ఎంచుకుని, గ్లిమిపిరైడ్ ఆపి ఇన్సులిన్ కొనసాగించి, రోజుకు మూడుసార్లు గ్లూకోమీటర్ చూడమన్నారు. పాలు, మజ్జిగ, కాల్షియం, ఐరన్, యాంటాసిడ్‌లకు రెండు గంటల ముందు మింగాలి. పెరుగన్నంతో వేసుకుంటే దాదాపు మూడో వంతు మందు వృథా. మొదటి డోసు నుంచి లెక్కవేసి మొత్తం పది రోజులు. బాగా తగ్గినవాళ్ళకు ఏడు రోజులు చాలు, బ్లాడర్ ఖాళీ కాకపోవడంవల్ల ఇక్కడ మూడు రోజులు పెంచారు.

తర్వాత చేసినవి యాంటీబయాటిక్ కాని పనులు. డాపాగ్లిఫ్లోజిన్ మళ్ళీ మొదలుపెట్టలేదు. కిడ్నీ ఇన్ఫెక్షన్, సెప్సిస్ గురించి దాని లేబుల్ మీదే హెచ్చరిక ఉంది. ఈస్ట్రియాల్ క్రీము 0.5 మి.గ్రా. యోనిలో రోజూ రాత్రి రెండు వారాలు, ఆ తర్వాత వారానికి రెండుసార్లు. 1993లో రాజ్, స్టామ్ చేసిన ట్రయల్ నుంచి ఇది మెనోపాజ్ దాటినవాళ్ళలో మళ్ళీ మళ్ళీ వచ్చే ఇన్ఫెక్షన్‌ను తగ్గిస్తుందని తెలుసు. మన దగ్గర సిగ్గువల్ల రాయని మందుల్లో ఇదొకటి. షెడ్డులో మూడు గంటలకోసారి ఒంటికి వెళ్ళడం, ఒకసారి వెళ్ళొచ్చి రెండు నిమిషాలు ఆగి మళ్ళీ కూర్చోవడం. సూపర్‌వైజర్‌కు చూపించడానికి ఆ మాట చీటీ మీద రాసిచ్చారు, నోటిమాటకు అక్కడ విలువుండదు. ఆరు వారాల తర్వాత మిగులు 60 మి.లీ.

మే నెల రిపోర్టు ఇంకా చెల్లిపోలేదు. ఆ ఈఎస్‌బీఎల్ స్ట్రెయిన్ పేగులో నెలల తరబడి ఉంటుంది, ఆగస్టులో వేరేది దొరికినంతమాత్రాన అది పోయినట్టు కాదు. డిశ్చార్జ్ కాగితం మీద రెండు ఐసోలేట్లూ తేదీలతో పక్కపక్కన రాసి, ఆరు నెలల్లోపు మళ్ళీ వణుకు జ్వరం వస్తే కల్చర్ తీశాక ఈఎస్‌బీఎల్‌కు సరిపడే మందుతోనే మొదలుపెట్టాలని, జ్వరం లేని మంట అయితే కల్చర్ తీసి నైట్రోఫ్యురాంటాయిన్ చాలని రాశారు.